మెట్ల మీద కోళ్ళు

ఆ యేడు వానలు మొదలవుతూనే రేషన్ షాపులో బియ్యంతోపాటు కోడిపిల్లల్ని కూడా ఇచ్చారు. ఇంటికి ఇన్నని అట్టపెట్టెలో వేసి, "పెంచుకోండి, గుడ్లు తినండి" అన్నాడు షాపతను, అదేదో కుండీలో కొత్తిమీర జల్లినంత సులువన్నట్టు. బియ్యం సంచీ భుజాన, పెట్టె చంకన పెట్టుకుని నేను మా బిల్డింగు మెట్లెక్కుతుంటే ప్రతి అంతస్తులోనూ తలుపుల వెనకనుంచి అదే కిచకిచ. సియెన్‌ఫ్వేగోస్ రేవుకి ఎదురుగా ఉన్న ఐదంతస్తుల బిల్డింగు మాది. ఏ ఇంటికీ పెరడు లేదు.

నేను తలుపు తీసేసరికి మా అత్త ఎయులోహియా బాల్కనీలో కూర్చుని గోళ్ళకి ఎర్రరంగు వేసుకుంటోంది.

"ఏంటా పెట్టె?"

"కోడిపిల్లలు అత్తయ్యా. ఇవాళ నుంచి పెంచుకోవాలట."

ఆవిడ కుంచె పక్కన పెట్టి నావైపు తేరిపార చూసింది. "నలభయ్యేళ్ళు ఎస్కాంబ్రాయ్ కొండల్లో కోళ్ళ పెంట ఎత్తాను అమ్మాయ్. మీ మామగారు పోయాక ఆఖరి కోడిని కోసి కూర వండి ఊరందరికీ పెట్టి బస్సెక్కాను. ఈ ఊరికి నేను సినిమాలు చూడ్డానికొచ్చాను, కోడి ముడ్డి చూడ్డానికి కాదు."

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆవిడ, వెనక గదిలో నేనూ, నా భర్త రిగోబెర్తో. మధ్యలో ఒక్క పొయ్యి. రెండేళ్ళుగా ఆ పొయ్యి దగ్గర మేమిద్దరం భుజాలు తగలకుండా తిరగడం నేర్చుకున్నాం గానీ, ప్రేమగా ఒక్క మాట అనుకున్న పాపాన పోలేదు. రిగో బస్సు డ్రైవరు. ఆ యేడు డీజిలు లేక బస్సులన్నీ డిపోలో నిలబడిపోయాయి. పొద్దున్నే సైకిలు మీద డిపోకి వెళ్ళి, నిలబడ్డ తన బస్సులో కాసేపు కూర్చుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. నేను పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డులో కరెంటు ఉన్నపూటే పని. ఇంట్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరు మరీ ఎక్కువగా చూసుకుంటున్న రోజులవి.

కోడిపిల్లల్ని బాత్‌రూములో సిమెంటు తొట్టిలో పెట్టాను. దాంట్లో నీళ్ళు ఎలాగూ ఉండవు. మొదటి వానకే చలి పట్టుకుంది. బిల్డింగంతటా కోడిపిల్లలు రాలిపోవడం మొదలైంది. పొద్దున్నే ఎవరో ఒకరు చిన్న కాగితం పొట్లం పట్టుకుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా మెట్లు దిగి వెళ్ళేవాళ్ళు. నావి కూడా తలలు వాల్చేశాయి. నా ఉన్ని పావడా కత్తిరించి పీలికలు కప్పుతుంటే గుమ్మంలోంచి మా అత్త గొంతు వినబడింది.

"వాటికి కావలసింది పావడా కాదు. తల్లి."

"తల్లినెక్కణ్ణించి తెచ్చేది అత్తయ్యా?"

ఆవిడ వెళ్ళిపోయింది. కాసేపటికి తన పెట్టెలోంచి ఈకల దుమ్ముకుంచె తీసుకొచ్చింది. దాన్ని నా ఒడిలో పడేసి, "తలకిందులుగా వేలాడదియ్యి. దాని కింద వేణ్ణీళ్ళ సీసా పెట్టు. నేను ముట్టుకోను, గోళ్ళింకా ఆరలేదు" అంది.

వేలాడదీశాను. ఒక పిల్ల తలెత్తి చూసింది. ఈకల కిందికి దూరింది. దాని వెనకే ఇంకోటి. చీకటి పడేసరికి తొట్టిలో పిల్లలు కనబడ్డం మానేశాయి, దుమ్ముకుంచె ఒక్కటే ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతోంది.

మర్నాటికి సంగతి బిల్డింగంతా పాకింది. దుమ్ముకుంచెలు లేనివాళ్ళు పాత టోపీల ఈకలు పీకారు. అన్నీ బతకలేదు. బతికినవి మాత్రం బాగానే బతికాయి.

ఆ రోజుల్లోనే ఐదో అంతస్తు ఎవేలియో మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. రేవులో క్రేన్లు బాగుచేసి రిటైరైన మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. చొక్కా జేబులోంచి రెండు కోడిపిల్లలు తొంగిచూస్తున్నాయి.

"ఎయులోహియా గారూ, వీటికేం పెట్టాలో తెలీడం లేదు. నూకలు మనకే లేవాయె."

"నన్నడక్కండి మేస్త్రీ గారూ. కోళ్ళ పనినుంచి నేను రిటైరయ్యాను."

"నేనూ రిటైరయ్యాను. అయినా తెల్లారితే కుళాయి పట్టుకుని ఒకరు, ఫ్యాను పట్టుకుని ఒకరు తలుపు కొడుతూనే ఉంటారు. రిటైరవనిస్తారా ఎవరైనా?"

మా అత్త నవ్వింది. ఆవిడ నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

"రేవు దారిలో మామిడి చెట్లున్నాయి చూడండి, వాటి కొమ్మలకి నల్లగా చెదపుట్టలుంటాయి. ఒకటి కొట్టుకొచ్చి వీటి ముందు పగలగొట్టండి. పండగ చేసుకుంటాయి."

"చెదపుట్ట ఎలా ఉంటుందో నాకు తెలీదే."

"అంతంత క్రేన్లు ఎక్కి దిగారు, చెదపుట్ట తెలీదా!"

"మీరు వచ్చి చూపిస్తే తెలుస్తుంది."

ఆవిడ లోపలికెళ్ళి, అద్దం ముందు నిలబడి లిప్‌స్టిక్ వేసుకుని బయల్దేరింది. చెదలు చూడ్డానికి లిప్‌స్టిక్ ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

జులై వచ్చేసరికి కోళ్ళు తొట్టి దాటాయి. పొయ్యి మీదికెక్కాయి. "ఇదాల్మీ, నా బూటులో కోడి పడుకుంది. ఆ కోడైనా బయటికి పోవాలి, నేనైనా పోవాలి" అన్నాడు రిగో. వాటికి నేల కావాలి, ఎండ కావాలి. మా బిల్డింగు చుట్టూ మట్టినేల అంటూ ఉన్నది ఒక్కచోటే. కింద జెనాయిదా ఇంటి వెనక, పిచ్చిమొక్కలూ ఇటుక ముక్కలూ నిండిన చిన్న జాగా. దానికి దారి ఆవిడ వంటింట్లోంచే. నాకూ జెనాయిదాకీ రెండేళ్ళుగా మాటల్లేవు. మా ఇంటి పైపు పగిలి బట్టలుతికిన నీళ్ళు ఆవిడ ఆరేసిన నర్సు యూనిఫాం మీద పడేవి. ఆవిడ మెట్ల మీద నిలబడి నన్ను తిట్టింది. నేను మర్నాడు కావాలనే ఒక బకెట్టు ఎక్కువ పోశాను. అంతే, కథ అక్కణ్ణించి మొదలు.

తలుపు కొట్టాను.

"ఎవరు?"

"ఇదాల్మిస్‌ని."

"ఏ ఇదాల్మిస్?"

"మూడో అంతస్తు."

"ఓహో, మురికినీళ్ళ ఇదాల్మిసా!" తలుపు బెత్తెడు తెరుచుకుంది.

విషయం చెప్పాను. జెనాయిదా నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ నీళ్ళు పంపావు. ఇక పెంట కూడా పంపుదామనా?"

నేను మెట్లు దిగుతూ బోలెడు మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. "వాటి కాళ్ళు వంకర్లు పోతున్నాయి జెనాయిదా. ఎండ లేక" అన్నాను.

ఆవిడ మొహం మారింది. "ఏదీ, చూపించు."

చంకలో ఉన్న కోడిని ఇచ్చాను. ఆస్పత్రిలో చంటిపిల్లల్ని పట్టుకున్నట్టే పట్టుకుని, కాలు సాగదీసి, కీలు నొక్కి చూసింది. "ముందు ఆ పైపు సంగతి చూడు. తర్వాత మాట్లాడదాం" అని కోడిని తిరిగిచ్చి తలుపేసింది.

ఎవేలియో మేస్త్రీ ఆ పూటే పాత సైకిలు ట్యూబు కోసి పైపుకి చుట్టి బిగించాడు. మా అత్త కింద నిలబడి దీపం పట్టుకుంది. మర్నాడు జెనాయిదా వెనక తలుపు బార్లా తీసిపెట్టి ఉంది. నేను లోపలికెళ్తే ఆవిడ కాస్త సిగ్గుపడుతూ మంచం కింద ఉన్న పెట్టె కాలితో బయటికి నెట్టింది. లోపల కోళ్ళు. "నావి కూడా ఉన్నాయిలే" అంది. "ఎవరికీ చెప్పలేదు. యూనిఫాం వేసుకునే మనిషినాయె."

గూడు కట్టడానికి తలా ఒకటి తెచ్చారు. ఒకరు మంచం స్ప్రింగుల చట్రం, ఒకరు చెడిపోయిన ఫ్రిజ్జు తలుపు. రిగో డిపోనుంచి బస్సులో ప్రయాణికులు పట్టుకుని వేలాడే ఇనప కడ్డీ ఒకటి తెచ్చి అడ్డంగా బిగించాడు. సాయంత్రం కోళ్ళన్నీ దానిమీద వరసగా సర్దుకుని కూర్చుంటే, ఆ వరసకేసి చూసి, "ఇన్నాళ్ళకి నా బస్సు నిండింది" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. ఆ యేడు వాడి నవ్వు వినడం అదే మొదలు.

అన్నీ తెల్లకోళ్ళే. కవల పిల్లల్లా ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు. అందుకని నేను షెడ్డునుంచి రంగుదారాలు తెచ్చి ఇంటికో రంగు చొప్పున కాళ్ళకి కట్టాను. మాది ఎరుపు, జెనాయిదాది నీలం, మేస్త్రీది ఆకుపచ్చ. అయినా తగువులు తప్పలేదు. నా కోడి తిండి నీ కోడి తింటోందని ఒకరు, మా అరటితొక్కలు మావాటికేనని ఒకరు. నేనేం తక్కువ తినలేదు. ఎర్రదారం కోళ్ళని పక్కకి పిలిచి చెదలు దొంగచాటుగా పెట్టేదాన్ని.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం రేవువైపునుంచి ఆకాశం నల్లబడింది. చూస్తుండగానే వాన కుండలతో కుమ్మరించినట్టు దిగింది. జెనాయిదా గొంతు ఐదంతస్తులకీ వినబడింది. "కోళ్ళు! కోళ్ళు మునిగిపోతున్నాయి!"

ఎవరు ఎలా ఉన్నవాళ్ళు అలాగే పరిగెత్తారు. వెనక జాగాలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేశాయి. మేస్త్రీ గూడు పైకప్పు ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. చేతికందిన కోడిని అందుకుని వెనకవాళ్ళకిచ్చాం, వాళ్ళు వాళ్ళ వెనకవాళ్ళకి. గౌను మడతల్లో, బకెట్లలో, దిండు గలీబుల్లో మెట్ల మీదికి చేర్చాం. నా పక్కనుంచి ఎవరో చెరో చంకలో ఒక కోడిని ఇరికించుకుని నీళ్ళలో దబదబ నడుచుకుంటూ వెళ్ళారు. చూస్తే మా అత్త. జుట్టు మొహానికి అంటుకుపోయింది, ఎర్రగోళ్ళ నిండా బురద. "ఎవేలియో! ఆ కప్పు వదిలెయ్! పోతే పోయింది, నువ్వు ఇవతలికి రా!" అని అరుస్తోంది. 'గారు' ఎక్కడో వానలో కొట్టుకుపోయింది. అది విన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను.

వాన వెలిసేసరికి కింద గుమ్మంనుంచి ఐదో అంతస్తు దాకా ప్రతి మెట్టు మీదా తడిసిన కోడి ఒకటి ముడుచుకుని కూర్చుంది. ఎవరివి వాళ్ళు తీసుకుందామని కాళ్ళు చూస్తే, దారాల రంగులు వెలిసి, ఒకదాంట్లో ఒకటి కలిసి అన్నీ ఒకే నీరుకావి రంగుకి వచ్చాయి. నాసిరకం దారం మరి.

"ఆ బొద్దుది మాది" అన్నాడు నాలుగో అంతస్తు క్రిసాంతో.

"దాని మొహం చూడు, మీ ఇంటి తిండి తిన్న మొహమేనా అది? మాది!" అంది రెండో అంతస్తు చూలాలు మిలాగ్రోస్.

గొంతులు లేచాయి. నేను కూడా ఒక కోడిని గట్టిగా పట్టుకుని ఇది మాదేనని ఒట్టేస్తున్నాను. మా అత్త మెట్ల మధ్యలో కూలబడి చెప్పులోంచి నీళ్ళు వంపుతోంది.

"ఇందాక నీళ్ళలోంచి తీసేటప్పుడు ఎవరైనా కాలు చూసి తీశారా?" అంది తలెత్తకుండా.

ఎవరి చేతిలో కోడిని వాళ్ళు చూసుకున్నారు.

"మరి ఇప్పుడెందుకర్రా కోడిగుడ్డు మీద ఈకలు పీకడం? తొక్కలు అందరూ వెయ్యండి. గుడ్లు వంతులవారీగా అంతస్తుకో పూట. ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పండి, నేను పోయి పొడిబట్టలు కట్టుకోవాలి."

నేను పట్టుకున్న కోడిని కింద వదిలాను. అది తనకేమీ పట్టనట్టు క్రిసాంతో కాళ్ళ మధ్యనుంచి నడుచుకుంటూ పోయింది.

మర్నాడు మా బాల్కనీలో దండెం మీద ఒక మగవాళ్ళ చొక్కా ఆరుతోంది. రిగోది కాదు.

"ఈ చొక్కా ఎవరిదత్తయ్యా?"

"ఎండలో ఉందిగా, ఆరనీ" అంది ఆవిడ.

అక్టోబరులో ఒక పెట్ట బిల్డింగు కప్పెగిరిపోయేలా అరిచింది. మొదటి గుడ్డు. నిమ్మకాయంత ఉంది. అది చేతినుంచి చేతికి ఐదో అంతస్తు దాకా ఎక్కి మళ్ళీ కిందికి దిగింది. తినడానికి ఎవరికీ మనసు రాలేదు. జెనాయిదా దాన్ని మిలాగ్రోస్ గుప్పిట్లో పెట్టి మూసింది. ఆ తర్వాత రోజూ గుడ్లే. మా అంతస్తు వంతు వచ్చిన పూట అట్టు వేస్తుంటే మా అత్త నా భుజం పక్కగా వచ్చి నిలబడి, "ఉల్లిపాయ ఇంకాస్త వేగనీ" అంది. నేను వేగనిచ్చాను. బాగుంది.

ఆ పూటే, తింటూ తింటూ చెప్పింది.

"నేను ఐదో అంతస్తుకి మారుతున్నాను."

రిగో తలెత్తకుండా, "పైకి నీళ్ళు సరిగా ఎక్కవమ్మా" అన్నాడు.

"నీళ్ళ కోసం కాదురా వెళ్ళేది."

నాకు నవ్వాగలేదు. రిగో నావైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు, అప్పుడర్థమైంది వాడికి. ఫోర్కు కంచంలో పడేశాడు.

"నీ వయసెంతో గుర్తుందా? జనం నవ్వుతారు!"

"నవ్వనీరా. ఈ యేడు నవ్వుకోడానికి వాళ్ళకి మాత్రం ఇంకేం దొరికింది?"

వాడు లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి మేస్త్రీ ఎదురొస్తే గోడవైపు తిరిగి నడిచేవాడు. కోళ్ళ దగ్గరికి రావడం మానేశాడు. "నువ్వైనా చెప్పవే" అని నా మీద పడ్డాడు. ఏం చెప్పను? ఆ ముందుగది మాకు మిగిలితే బాగుండునని రెండేళ్ళు మొక్కుకున్న మనిషిని నేను. ఇప్పుడు ఆవిడ పెట్టె సర్దుకుంటుంటే, మడతపెట్టిన బట్టలు అందిస్తూ, ఒక్కోటీ కావాలనే నెమ్మదిగా అందించాను.

నవంబరులో జెనాయిదా కూతురు యాయిమారాకి పదిహేనో పుట్టినరోజు. మా వైపు ఆడపిల్లకి పెళ్ళైనా కాస్త తగ్గించి చేస్తారేమో గానీ పదిహేనో యేడు తగ్గించరు. గౌను నేను కుట్టాను, మా కిటికీ తెరలతో. కేకు లేదని ఆ పిల్ల "ఫరవాలేదమ్మా" అందట. ఆ ఫరవాలేదు మనసులో గుచ్చుకుని జెనాయిదా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఎవరూ మీటింగు పెట్టలేదు. మర్నాటినుంచి ఏ అంతస్తూ తన వంతు గుడ్లు తీసుకోలేదు, అంతే. అన్నీ జెనాయిదా వంటింట్లో బుట్టలోకే వెళ్ళాయి. రొట్టెల బట్టీలో మేస్త్రీకి తెలిసినవాళ్ళున్నారు, రొట్టెలు దించాక ఆ వేడిలో కేకు కాల్చి ఇచ్చారు. చక్కెరకి మా ఊళ్ళో ఎప్పుడూ లోటు లేదు.

మిగిలింది పైన పూసే నురగ. గుడ్లలో తెల్లసొన, చక్కెర, నిమ్మరసం వేసి గిలక్కొట్టాలి. కరెంటు లేదు. పెద్ద సత్తుగిన్నె, ఒక ఫోర్కు. వెలుతురు ఉన్నది మెట్ల మీదే కాబట్టి అందరం అక్కడే కూర్చున్నాం. చెయ్యి నొప్పెట్టినవాళ్ళు పై మెట్టువాళ్ళకి అందించారు. నేను కొట్టాను, క్రిసాంతో కొట్టాడు, మిలాగ్రోస్ పొట్ట మీద గిన్నె ఆనించుకుని కొట్టింది. గిన్నె ఎక్కుతూ ఎక్కుతూ మేస్త్రీ దగ్గరికి చేరింది. ఆయన ఒక చేత్తో, ఆ చెయ్యి పోతే ఇంకో చేత్తో కొట్టాడు. నుదుటి మీద చెమటలు. తెల్లసొన పొంగుతోంది గానీ ఇంకా జారుగానే ఉంది. ఆయన భుజం పట్టేసిందని చూస్తున్నవాళ్ళందరికీ తెలుస్తోంది. పై మెట్టు మీద ఉన్నది రిగో. మేస్త్రీ గిన్నె అందించలేదు, అడగలేదు. అలాగే కొడుతున్నాడు.

మా అత్త నోరు విప్పబోయింది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను.

"ఇలా తే" అన్నాడు రిగో.

గిన్నె అందుకుని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. స్టీరింగు తిప్పిన చేతులు, ఆ యేడంతా పనిలేక మండిపోయిన చేతులు. మెట్లన్నీ ఫోర్కు టకటకలతో మోగిపోయాయి. వాడు ఆపేసరికి నురగ తెల్లగా, మొనలు తేలి నిలబడింది.

"అయిందో లేదో ఎలా తెలుస్తుంది?" అంది యాయిమారా.

"గిన్నె ఎవరి నెత్తి మీదైనా బోర్లించాలి" అన్నాను. "పడకపోతే అయినట్టు."

రిగో లేచాడు. ఒక మెట్టు దిగి మేస్త్రీ నెత్తికి సరిగ్గా పైన గిన్నె తలకిందులుగా పట్టుకున్నాడు. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు గానీ కదల్లేదు.

"మా అమ్మకి రాత్రిళ్ళు కాళ్ళు లాగుతాయి" అన్నాడు రిగో, గిన్నె అలాగే పట్టుకుని. "వేణ్ణీళ్ళ కాపడం పెట్టాలి. విసుక్కోకూడదు."

"విసుక్కోను బాబూ."

నురగ పడలేదు. క్రిసాంతో ఈల వేశాడు.

ఆ సాయంత్రం కింద గుమ్మం ముందు ఎవరో గిటారు తెచ్చారు. యాయిమారా తెరల గౌనులో గిర్రున తిరిగింది. మా అత్త మేస్త్రీతో జంటగా దాన్సోన్ డాన్సు చేసింది, తొందరలేని అడుగులతో, చుట్టూ ఎవరూ లేనట్టే. కేకు ముక్క తలా ఒకటి వచ్చింది. నేను నా నురగ చివరిదాకా దాచుకుని తిన్నాను.

ఆదివారం ఆవిడ సామాను పైకి చేర్చాం. అద్దం జెనాయిదా పట్టుకుంది, ఊగే కుర్చీ రిగో నెత్తిన పెట్టుకున్నాడు. రెండంతస్తులే గానీ ఆవిడ ప్రతి గుమ్మం దగ్గరా ఆగి వీడ్కోలు చెప్పింది, రైలెక్కుతున్నట్టు. వెళ్తూ వెళ్తూ నా చెంప తట్టి, "కోళ్ళ నీళ్ళు మర్చిపోకు" అని మాత్రం అంది.

చీకటి పడుతుండగా నేను బల్ల మీద కంచాలు పెట్టాను. పెట్టాక చూస్తే మూడున్నాయి. రిగో ఆ మూడోదాని వంక చూశాడు. తియ్యమని అనలేదు, నేను తియ్యలేదు. ముందుగది ఖాళీగా, ఇంత పెద్దదా ఇది అన్నట్టుగా ఉంది.

అంతలో పైనుంచి నీళ్ళ పైపు మీద గరిటెతో టంగుటంగుమని కొట్టిన చప్పుడు. ఆ వెంటే గొంతు. "ఇదాల్మీ! రిగో! కూర చల్లారిపోతోంది, ఏం చేస్తున్నారక్కడ?"

రిగో లేచి రెండు కంచాలు చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి మూడోది కూడా తీసుకున్నాడు.

"పద," అన్నాడు. "ఆయన దగ్గర ఒక్క కంచమే ఉండుంటుంది."